నీలిమంటక్క

గడియారాలు బాగుచేసే ఆయనకు పని తగ్గి చాలా ఏళ్లయింది. గడియారం ఆగిపోయిందని ఇప్పుడెవరూ దుకాణం మెట్లెక్కరు. అయినా ఆయన పొద్దున్నే షట్టరెత్తి, బల్ల తుడుచుకుని, భూతద్దం కంటికి తగిలించుకుని ఏదో ఒక పాత యంత్రాన్ని విప్పుకుంటూ కూర్చుంటాడు. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే మనసు వెనక్కి నడుస్తుంది. ఆ దారిలో ఎక్కువసార్లు ఎదురయ్యే మనిషి ఆయనకు చుట్టమూ కాదు, చిన్ననాటి నేస్తమూ కాదు. ఇళ్లల్లో గ్యాస్ పొయ్యిలూ గీజర్లూ బిగించే ఒకావిడ. ఆ వీధంతా ఆవిడను నీలిమంటక్క అనేది.

ఆవిడ తన ఇంటి గడప తొక్కేనాటికి ఆయనకు ముప్పై ఎనిమిదేళ్లు. చేతిపనిలో తనను మించినవాడు లేడని గట్టి నమ్మకం. కుళాయి కారినా ఆయనే, ఫ్యాను మొరాయించినా ఆయనే, తలుపు బిగుసుకుపోయినా ఆయనే. పనివాణ్ని పిలుద్దామని భార్య నోరు తెరిస్తే చాలు, తల కొట్టేసినట్టు ముఖం పెట్టేవాడు.

ఆ ఏడు చలి ముందుగానే దిగింది. వేణ్నీళ్ల బకెట్లు మోసి మోసి నడుం పడిపోతోందని భార్య పోరగా పోరగా గ్యాస్ గీజరు కొన్నాడు. "మా మెకానిక్కును పంపిస్తాం సార్, చోటు చూసి ఆయనే బిగిస్తాడు" అన్నాడు దుకాణదారు. "నాలుగు మరలు తిప్పడానికి మెకానిక్కా?" అని నవ్వేసి, పెట్టె భుజాన వేసుకుని ఇంటికొచ్చేశాడు.

ఆదివారం కూర్చుని స్నానాలగది గోడకు దాన్ని బిగించాడు. గ్యాస్ ఎక్కడైనా కారుతోందేమోనని అతుకుల మీద సబ్బు నురగ రాసి చూశాడు. ఒక్క బుడగ లేవలేదు. కుళాయి తిప్పగానే భగ్గున మంట వెలిగింది, పొగలు కక్కే నీళ్లు బకెట్లో పడ్డాయి. "చూశావా?" అన్నాడు భార్యతో, మీసం లేకపోయినా మెలేసినంత దర్జాగా. పైనున్న చిన్న కిటికీలోంచి చలిగాలి కొడుతోందని దానికో అట్ట కూడా తనే అంటించాడు.

నాలుగు రోజులకు భార్యకు తలనొప్పి మొదలైంది. కొత్త కళ్లజోడు పడలేదనుకుంది. స్నానం చేసి వచ్చాకే అది ఎక్కువవుతోందన్న సంగతి ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

పదకొండో రోజు పొద్దున పన్నెండేళ్ల కూతురు స్నానానికి వెళ్లింది. బడికి వేళవుతోంది. లోపల నీళ్ల చప్పుడు ఆగడం లేదు. తల్లి ఒకసారి పిలిచింది, రెండుసార్లు పిలిచింది.

"ఏమండీ, పిల్ల పలకడం లేదు!"

ఆయన భుజంతో తలుపును గుద్దాడు. మూడో దెబ్బకు గడియ ఊడి వచ్చింది. పిల్ల గోడవారన కూలబడి ఉంది, మెడ వాలిపోయి. భార్య తువ్వాలు చుట్టింది, ఆయన ఎత్తుకుని వెనక వసారాలోకి పరుగెత్తాడు. గాలి తగిలాక పిల్ల మూలిగింది. ఆసుపత్రిలో పగలంతా ఆక్సిజన్ పెట్టారు. సాయంత్రం కళ్లు తెరిచి, "నాన్నా, నా పుస్తకాల సంచి ఏది?" అని అడిగేదాకా ఆయన ప్రాణం ప్రాణంలో లేదు.

"గీజరు ఎవరు బిగించారు?" అని డాక్టరు అడిగాడు.

ఆయన పిల్ల మీద దుప్పటి సర్దాడు. భార్య ఆయన పరువు కాపాడుతూ నేల చూపులు చూసింది.

గ్యాస్ ఆఫీసుకు ఫోను చేసింది భార్యే. మర్నాడు గుమ్మంలోకి నలభై దాటిన ఒకావిడ వచ్చింది. భుజాన బరువైన సంచి, బిగించి చుట్టిన ముడి, కాళ్లకు మగవాళ్ల బూట్లు. గడియారాలాయన ఆవిడ వెనక్కి తొంగి చూశాడు.

"మెకానిక్కు రాలేదామ్మా?"

"వచ్చాను కదండీ" అంది ఆవిడ. అడిగి అడిగి అరిగిపోయిన ప్రశ్నకు చెప్పే జవాబులా ఉంది. జేబులోంచి లైసెన్సు కార్డు తీసి ఆయన చేతిలో పెట్టింది. "చదువుకోండి. ఫొటో కూడా నాదే. కాకపోతే అప్పుడు కాస్త సన్నగా ఉండేదాన్ని."

మరో రోజైతే ఏదో ఒకటి అనేవాడే. ఆ రోజు మాత్రం తలవంచుకుని దారి చూపించాడు.

ఆవిడ తిట్టలేదు. పీట ఎక్కి అతుకులన్నీ వేలితో తడిమి చూసింది. "ఇవి ఎవరు బిగించారు?"

"నేనే."

"పనితనం బాగుంది. ఎక్కడా లీకు లేదు."

"అదేనమ్మా నాకూ అర్థం కానిది. కాస్త వాసన వచ్చినా నేను..."

"వాసన కాలని గ్యాసుకండీ. పిల్లను పడగొట్టింది అది కాదు. మూసిన గదిలో మంట పెడితే ముందు అక్కడున్న గాలి తినేస్తుంది. గాలి చాలకపోతే పసుపుగా మండి విషం కక్కుతుంది. ఆ విషానికి రంగూ ఉండదు, వాసనా ఉండదు. ముందు తలనొప్పి వస్తుంది, తర్వాత మనిషి పడిపోతారు."

గుమ్మంలో నిలబడ్డ భార్య కళ్లజోడు తీసి దానివంకే చూస్తూ ఉండిపోయింది.

ఆవిడ కిటికీకున్న అట్ట పీకి, మారు మాట లేకుండా పక్కన పెట్టింది. ఏదైనా అని ఉంటే బాగుండేదని ఆయన తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాడు.

గీజరును ఊడదీసి వెనక వసారాలో, ఆరుబయలు గాలి ఆడే గోడకు మార్చింది. అక్కణ్నుంచి వేణ్నీళ్ల పైపు మాత్రం స్నానాలగదిలోకి లాగింది. మధ్యాహ్నం దాకా పట్టింది పని. ఒక్కో మర బిగించాక ఒక అర నిమిషం ఆగి దానివంక చూసేది. గడియారాలాయన పక్కనే నిలబడి అంతా గమనించాడు. పని తెలిసిన మనిషిని పని తెలిసిన మనిషే పోల్చుకోగలడు. ఆవిడ చేతికున్న మగవాళ్ల గడియారం ఆగిపోయి ఉండటం అప్పుడే ఆయన కంట పడింది.

"ఇలా ఇవ్వండమ్మా, చూసిస్తాను."

"మా నాన్నదండీ. ఆగి నెలైంది. స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకుని కూడా మానేశాను, నాకు తెలిసిన పని కాదు కదా అని."

మామూలుగానే అంది. ఆయనకు మాత్రం చెంప ఛెళ్లుమన్నట్టయింది. ఆవిడ ఆ ముఖం చూసి నాలుక్కరుచుకుంది. "అయ్యో, మిమ్మల్ని అనలేదండీ, ఒట్టు!" అని పకపకా నవ్వేసింది. భార్యకూ నవ్వాగలేదు. మంచం మీదున్న పిల్ల ఏమైందో తెలియకుండానే నవ్వింది. రెండు రోజులుగా ఊపిరి బిగబట్టుకున్న ఇల్లు కాస్త తేలికపడింది.

గడియారం ఆయన చేతికిచ్చి, టీ తాగుతూ ఆవిడ తన సంగతి చెప్పింది. తొమ్మిదేళ్లు గ్యాస్ ఆఫీసులో ఫోన్లెత్తే ఉద్యోగం చేసింది. రెగ్యులేటరు కట్టేయండి, కిటికీలు తెరవండి, స్విచ్చులు ముట్టుకోకండి, బయటికి వెళ్లండి అని రోజూ అవే మాటలు చెప్పి, మెకానిక్కుకు చీటీ రాయడం. తర్వాత ఏమైందో తెలిసేది కాదు. ఒకసారి ఒక ముసలావిడ పక్కింటి నుంచి ఫోను చేసి, మెకానిక్కు వచ్చేదాకా మాట్లాడుతూనే ఉండమందట.

"గంటన్నర మాట్లాడానండీ. మనవళ్ల పేర్లన్నీ చెప్పించాను. అప్పుడనిపించింది, ఈ కబుర్లు చెప్పే బదులు నేనే వెళ్తే పోలా అని."

మెకానిక్కు శిక్షణలో నలభై మంది మగవాళ్ల మధ్య తనొక్కతే. మొదటిసారి పరీక్ష పోయింది. బస్సు నడిపే భర్త ముందు ఎగతాళి చేశాడు గానీ, రెండోసారికి తనే పుస్తకం పట్టుకుని ప్రశ్నలడిగి అప్పజెప్పించుకున్నాడట.

అప్పట్నుంచి ఏటా చలికాలం ముందు ఆవిడ వచ్చేది. వీధికంతా అక్క, ఆ ఇంట్లో పిల్లకు అత్త, ఇల్లాలికి వదిన. "మంట బాగుందో లేదో నాకెలా తెలుస్తుంది అత్తా?" అని పిల్ల అడిగితే, "నీలంగా ఉంటే నీ నేస్తం. పసుపు తిరిగిందో, నాకు కబురు పెట్టు" అంది. ఆ పిల్ల ఊరుకుంటుందా! వీధిలో ప్రతి వంటింట్లోకీ దూరి పొయ్యిలు పరీక్షించి, నాలుగిళ్లలో పసుపు మంటలు పట్టేసింది. నీలిమంటక్క అన్న పేరు అలా పుట్టింది.

ఎదురింటి గుమాస్తాగారు మాత్రం పెదవి విరిచారు. "ఆడమనిషి చేత గ్యాస్ పనేంటండీ? మా బావమరిది బిగించేస్తాడు, చెయ్యి తిరిగినవాడు."

"నాదీ చెయ్యి తిరిగిన చెయ్యేనండీ" అన్నాడు గడియారాలాయన. తర్వాత అట్ట అంటించడం దగ్గర్నుంచి తలుపు బద్దలుకొట్టడం దాకా దాచకుండా చెప్పాడు. తన తప్పు పరాయివాళ్ల ముందు విప్పుకోవడం అదే మొదలు. ఆ సాయంత్రమే గుమాస్తాగారి భార్య నీలిమంటక్క ఫోను నంబరు రాయించుకు వెళ్లింది.

ఇరవై రెండేళ్లు అలా గడిచాయి. కూతురు పెద్దదై, ఉద్యోగంలో చేరి, రెండు వీధుల అవతల కాపురం పెట్టింది. అక్క పీట ఎక్కడం తగ్గించి, తర్వాత మానేసింది. మోకాళ్లు, ఆ మీదట కళ్లు. ఒక ఏడు ఆవిడ బదులు వేరే మెకానిక్కు వచ్చాడు. పని బాగానే చేశాడు. కానీ టీ తాగకుండా వెళ్లిపోయాడు. ఆ పూట ఇంట్లో ఏదో వెలితిగా ఉందని భార్యాభర్తలిద్దరూ ఒకరికొకరు చెప్పుకోకుండానే అనుకున్నారు.

పోయిన చలికాలం గడియారాలాయన ఆవిడను చూడటానికి వెళ్లాడు. ముందుగదిలో దళసరి కళ్లద్దాలతో కూర్చుని ఉంది.

"రా తమ్ముడూ. టీ మాత్రం అడక్కు. పొయ్యి నాబు బిగుసుకుపోయింది, మెకానిక్కు కోసం ఎదురుచూస్తున్నా."

"నువ్వుండగా మెకానిక్కేంటి అక్కయ్యా?"

"లైసెన్సు గడువు తీరి నాలుగేళ్లయింది. చూపు సగమే ఆనుతోంది. నేనెలా ముట్టుకుంటాను?" అని, గోడ గడియారం వైపు తిరిగి, "తొమ్మిదింటికి వస్తానన్నాడు మహానుభావుడు. నేనైతే ఇలా కూర్చోబెట్టేదాన్నా ఎవర్నైనా?" అని రుసరుసలాడింది.

పదకొండింటికి బట్టతల మెకానిక్కు వచ్చి వంటింట్లోకి వెళ్లాడు. ఆవిడ కుర్చీలోంచి కదల్లేదు గానీ, చెవులు మాత్రం అక్కడే ఉన్నాయి.

"గ్రీజు పాతది తుడిచావా నాయనా?"

"తుడిచానమ్మా."

"పూర్తిగా?"

"పూర్తిగానేనమ్మా. మీరు కూర్చోండి."

"కూర్చునే ఉన్నాను" అంది నీలిమంటక్క గట్టిగా. గడియారాలాయనకు నవ్వొచ్చింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని లోపలి చప్పుళ్లు వింటూ పాత వీధి కబుర్లలో పడ్డారు. ఎవరింట్లో పైపు ఎలుక కొరికింది, ఎవరు ఎన్నేళ్లు బర్నరు కడగలేదు, గుమాస్తాగారు చివరికి ఎవరి పెళ్లికి ఆవిడను ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆవిడకు ప్రతి వంటిల్లూ గుర్తుంది. మనుషుల ముఖాలే కాస్త మసకబారాయట.

పొయ్యి వెలిగింది. ఆవిడ గోడ పట్టుకుని నడిచి వెళ్లి ముగ్గురికీ టీ పెట్టింది. మాటల్లో పడి చక్కెర రెండుసార్లు వేసింది. మెకానిక్కూ, గడియారాలాయనా ఒకరి ముఖం ఒకరు చూసుకుని, చివరి చుక్క దాకా తాగేశారు.