సా కదిలిన రోజు

కరోనా తగ్గాక రెండో ఏడు. సూరత్ లింబాయత్‌లో మా ముందుగదిలో కీబోర్డు నేర్పేవాణ్ని. అప్పుడొచ్చాడు రాజేశం. సిరిసిల్ల వైపు మనిషి. ఇక్కడ సాంచాలు, అంటే పవర్‌లూమ్‌లు, నడుపుతాడు. శనివారం భజనల్లో హార్మోనియం అతనిదే. సాంచాల మోతకు ఎడమ చెవి మందగించింది, ఆ పని మానకపోతే రెండోదీ పోతుందని డాక్టర్ చెప్పాడట. ఒక పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించే మనిషి కావాలి. రాజేశాన్ని ఒకసారి విని తిప్పి పంపారు. ఆదివారం మళ్లీ రమ్మన్నారు, అదే ఆఖరు.

ఆ పరీక్షలో అడిగేదే సాధన చేయించాను. నేను జి సెవెన్, సి సెవెన్, డి సెవెన్ మార్చి మార్చి పడుతుంటే, వాటి మీద అతను అప్పటికప్పుడు అల్లుకుపోవాలి. ఇవి డామినెంట్ కార్డులు, అంటే ఒకేసారి కలిపి నొక్కే స్వరాల గుంపులు. మేజర్ కార్డుకు కోమల ని చేరిస్తే వస్తాయి. వీటికి నప్పేది మిక్సోలిడియన్ అన్నాను. ఆ పేరుకే రాజేశం బిక్కమొహం వేశాడు. మేజర్ స్కేలులో ని ఒక్కటీ అరమెట్టు దించడమే, మన హరికాంభోజి స్వరాలే అని చెప్పాక జి సెవెన్ మీద కమ్మగా వాయించాడు. సి సెవెన్‌కు మారగానే పంటి కింద రాయి పడ్డట్టయింది. అక్కడా జీనే సా, అంటే ఆధార స్వరం, అనుకుని, సి నుంచి లెక్కిస్తే కోమల ని అయిన బి ఫ్లాట్ పడాల్సిన చోట బి వాయిస్తున్నాడు.

నాలుగు రోజులు అదే తప్పు. నాకు ముక్కు మీద కోపం, అరిచాను కూడా. చివరికి తలదించుకుని చెప్పాడు.

"సార్, సా పట్టినంక ఆఖరుదాక ఇడువద్దన్నడు మా భజన గురువు. సా కదిలితె పాటనే కూలుతది."

తప్పు ఎక్కడుందో అప్పుడు తెలిసింది. ఎన్ని సాంచాలు నడుపుతావని అడిగితే ఆరన్నాడు.

"ఒక్కదాని కాడనే నిలబడి ఆరు నడుపుతవా?"

"గట్లెట్లయితది సార్? దేని కాడికి పోతె దాన్నే చూడాలె."

"ఇదీ గంతే. ఏ కార్డు కాడికి పోతె గదే నీ సా."

రాజేశం కీబోర్డు మీద వేలు జి నుంచి సి మీదికి జరిపాడు. తర్వాత సి సెవెన్ పట్టమన్నాడు.

ఆదివారం ఆర్కెస్ట్రా గది బయట బెంచీ మీద నేను కూర్చున్నాను. లోపల జి సెవెన్ సాఫీగా నడిచింది. సి సెవెన్ వచ్చింది. బి ఫ్లాట్ తేటగా పడింది. డి సెవెన్ మీద ఎఫ్ షార్ప్ కూడా. అప్పుడు గుర్తొచ్చింది నాకు, పొద్దున్నుంచి చాయ్ తాగలేదని.

రాజేశం బయటికొచ్చి, "రేపటి సంది సాంచాల మీదికి పోను సార్" అన్నాడు. కళ్లు తుడుచుకున్నది మాత్రం నేను.

ఇప్పుడు ఎవరు నేర్చుకోవడానికొచ్చినా కీబోర్డు కవరు తీయకముందే ఒకటి అడుగుతాను, ఏం పని చేస్తవని.