యర్రమ్మ వాకిలి

అప్పలరాముడు సర్వే ఆఫీసులో చైన్‌మన్. కొలత గొలుసు, జెండా కర్రలు, హద్దురాళ్లు మోసుకుంటూ సర్వేయరు వెనక నడవడమే అతని ఉద్యోగం. తండ్రి శ్రీకాకుళం తీరం నుంచి సముద్రం దాటి ఈ దీవులకు వచ్చి హాడో రేవులో మూటలు మోశాడు. కొడుక్కి సర్కారు కొలువు దొరికిందని మురిసిపోయాడు కానీ, ఆ కొలువులోనూ మోతే మిగిలింది. సునామీ వచ్చేనాటికి రాముడికి నలభై ఎనిమిదేళ్లు. మోకాళ్లు అప్పటికే అరిగిపోయాయి.

ఆ తర్వాతి మార్చి ఎండల్లో సర్వేయరు గణేశ్వరరావుతో కలిసి ఫీనిక్స్ బే రేవులో ఓడెక్కాడు. దిగిన దీవిలో రెండు గంటల అడవిబాట. అక్కడి సహాయ శిబిరం నుంచి యర్రమ్మ అనే ముసలామె వాళ్ల వెనకే నడిచి వచ్చింది. బాట చివర తెల్లటి ఇసుక, పచ్చటి నీళ్లు, ఎక్కడా మనిషి జాడ లేదు.

“క్యా జగహ్ హై!” అన్నాడు గణేశ్వరరావు, ఆ చోటు అందానికి మురిసిపోతూ.

రాముడు బరువు దించి చతికిలబడ్డాడు. ఇసుక కాలుతోంది. లేచే ఓపిక లేదు.

మూడు నెలల కిందట అక్కడ పద్దెనిమిది జాలరి ఇళ్లుండేవి. నేల కుంగింది, వచ్చిన సముద్రం వెనక్కి పోలేదు. అందరూ గుట్ట మీద కొత్త స్థలానికి ఒప్పుకున్నారు. యర్రమ్మ ఒక్కతే ఒప్పుదల కాగితం మీద వేలిముద్ర వేయలేదు.

“నా ఇల్లేదో సూపించండి ముందు. సూడకండా ఎలాగ ఒగ్గేత్తాను?”

“అక్కడ సముద్రముంది కదమ్మా,” అన్నాడు సర్వేయరు.

“మీ కాయితంలో నా ఇల్లుంది కదా!”

గణేశ్వరరావు విసుగ్గా పటం మడవబోయాడు.

“ఉండండి సార్. ఆవిడింటి హద్దురాయి నానే పాతాను,” అన్నాడు రాముడు.

గట్టు బండ మీద పాత సర్వే గుర్తు మిగిలే ఉంది. అక్కడి నుంచి సర్వేయరు దిక్కు చూసి చెబుతుంటే, రాముడు జెండా కర్ర పట్టుకుని నీళ్లలోకి దిగాడు. మోకాళ్లు, నడుము, రొమ్ము మునిగాయి.

“థోడా ఎడమకి! బస్, అదే!”

“అది వాకిలా, వంటిల్లా బాబూ?” ఒడ్డు నుంచి అరిచింది యర్రమ్మ.

“వాకిలి, పిన్నీ!”

“అయితే తూరుపుకి నాలుగడుగులెయ్యి. పొయ్యి అక్కడే.”

నడిచాడు. కాళ్ల కింద ఇసుక తప్ప ఏమీ తగల్లేదు. నీళ్లు గడ్డం దాకా వచ్చాయి. రెండు చేతులతో కర్ర ఎత్తి పట్టుకున్నాడు. ఆమె అలాగే చూస్తూ నిలబడింది. భుజాలు లాగేస్తున్నా ‘చాలా, పిన్నీ’ అని అడగడానికి అతనికి నోరు రాలేదు.

చివరికి ఆమే అంది: “ఇంక వచ్చీ నాయనా. అలిసిపోనావు.”

ఒడ్డునే వేలిముద్ర వేసింది. తిరుగుదారిలో రెండుచోట్ల రాముడు కూర్చుండిపోతే, ఆమె కూడా పక్కనే కూర్చుంది.

గుట్ట మీద రేకుల ఇంట్లో యర్రమ్మ ఏడేళ్లు బతికింది. రాముడికి మాత్రం ఆ ప్రయాణం తర్వాత రెండు రోజులే సెలవు దొరికింది. మూడో రోజు మళ్లీ గొలుసు భుజాన వేసుకున్నాడు. ఇంకా పదకొండు ఊళ్లు కొలవాల్సి ఉంది.