తోక చూసి చెప్పు పాపా

హిందూపురంలో మా వీధి చివర ఎవరో పెరటి మొక్కల కోసం ట్రాక్టరుతో చెరువు వండ్రుమట్టి తెప్పించి పోయించారు. దాని మీద నీళ్ళు చల్లినట్టున్నారు, మధ్యాహ్నం ఆ వాసన కిటికీలోంచి ఇంట్లోకి వచ్చింది. ఎండిన చేప, నాచు, తుంగగడ్డి, బర్రెల గిట్టలు తొక్కిన బురద, అన్నీ కలిసిన వాసన. వీధిలో వాళ్ళు ముక్కులు మూసుకుని పోతున్నారు. నేను మాత్రం చేస్తున్న పని ఆపి గడప దగ్గర కూర్చుండిపోయాను. ఆ వాసన తగిలిందంటే నాకు మళ్ళీ ఎనిమిదేళ్ళు, చెరువు కట్ట మీద తుమ్మచెట్టు నీడ, పక్కన మా అవ్వ.

మా ఊరు పెనుకొండ నుంచి ధర్మవరం పోయే దోవలో, రోడ్డు దిగి లోపలికి నడవాల్సిన చిన్న పల్లె. నాకు చిన్నప్పుడు ఉబ్బసం. దుమ్ములో అంత దూరం నడిచి బడికి పోతే ఆయాసంతో పడిపోతానని నాయన నన్ను బడికి పంపలేదు, అక్షరాలూ లెక్కలూ ఇంట్లోనే నేర్పాడు. తక్కిన చదువంతా అవ్వ దగ్గరే. అవ్వ అంటే నాయనకు అమ్మ. ఆమె కండ్లకు అప్పటికే పొర కమ్మింది. వెలుగూ నీడా తెలిసేవి, ఎదురుగా మనిషి నిలబడ్డాడని తెలిసేది, ముఖం తెలిసేది కాదు. పొద్దుగూకే ముందు నా భుజం పట్టుకుని చెరువు కట్ట దాకా నడిచేది. నాకు పిట్టల పేర్లు తెలియవు, ఆమెకు పిట్టలు కనబడవు. అలా కుదిరింది మా ఇద్దరికీ.

పిట్ట వాలగానే నేను పేరు అడగకూడదు, కనబడింది కనబడినట్టు చెప్పాలి. నల్లగా ఉందంటే అవ్వ ఒప్పుకునేది కాదు. మెడ ఏ రంగో చెప్పమనేది. మెడ బూడిద రంగయితే అది ఊరకాకి, మన చేతిలోని ముద్ద కోసం వచ్చేది. మెడ నుంచి తోక దాకా ఒకటే నలుపై, ముక్కు లావుగా ఉంటే బొంతకాకి, చేలల్లో గుట్టల్లో తిరిగేది. తీతువు పిట్టల్లోనూ రెండు రకాలున్నాయని ఆమె చెప్పేదాకా నాకు తెలియదు. కంటి ముందర ఎర్ర కండ ఉన్నది నీటి ఒడ్డు వదలదు, మనిషి అలికిడైతే చాలు ఊరంతా లేపుతుంది; పసుపు కండ ఉన్నది రాళ్ళ నేలల్లో నెమ్మదిగా నడుస్తూ నెమ్మదిగానే అరుస్తుంది. "రెండూ అక్కజెల్లెండ్లే. పెద్దదాన్ని తడినేలకిచ్చినారు, చిన్నదాన్ని మెట్టకిచ్చినారు" అనేది అవ్వ. పసులపోలిగాడు పిడికెడు పిట్ట, బర్రె వీపు మీద సవారీ చేస్తూ గడ్డిలోంచి లేచే పురుగులను గాల్లోనే పట్టేది. అదే పిట్ట గూటి దగ్గరికి గద్ద వస్తే నెత్తిన పొడిచి పొడిచి ఊరు దాటించేది. పాలపిట్ట కరెంటు తీగ మీద కూర్చున్నంతసేపు మట్టిముద్దలా ఉండి, రెక్క విప్పగానే నీలంగా మెరిసిపోతే, నేను చెప్పబోయి మాట రాక ఊరుకునేదాన్ని. అవ్వ నవ్వేది. "పాలపిట్టేలే. నీ నోరు మూతపడిందంటే అదే."

ఉగాదికి ఓళిగలు కాలుస్తున్న నెయ్యి వాసన వీధిలో తిరిగే రోజుల్లో కోయిల కూసేది. మగది కాటుక నలుపు, ఆడది ఒళ్ళంతా తెల్ల చుక్కలు, ఆ రెండూ ఒకే జంట అంటే నమ్మలేక నేను అవ్వతో వాదానికి దిగేదాన్ని. వానలు పడి చెనిక్కాయ విత్తేటప్పుడు నేల దున్నే మడకల వెంట తెల్లకొంగలూ గోరింకలూ బారులు కట్టేవి. బావిలోకి వంగిన ఈతచెట్టుకు గిజిగాళ్ళు గూళ్ళు అల్లుతూ సగం అల్లినవి వదిలేస్తూ మళ్ళీ అల్లేవి. చలికాలం తెల్లవారి పొయ్యి ముందర కూర్చుని వేడి సంగటిని ఊరిబిండి పచ్చడితో తింటుంటే కంది చేల గట్ల మీద కౌజులు పందెం వేసుకున్నట్టు అరిచేవి. ఎన్ని రకాల గొంతులు పెట్టినాడో స్వామి అని అవ్వ తినే ముద్ద ఆపి దండం పెట్టేది.

గద్ద, గరుడ దగ్గర మాత్రం అవ్వ నన్ను చాలా కష్టపెట్టింది. గరుడ స్వామి వాహనం కాబట్టి అది కనబడితే చేతులు చెంపలకు తాకించి "గోవిందా" అనుకోవడం ఆమె అలవాటు. ఇటుక రంగు ఒళ్ళు, తెల్లటి తల, తెల్లటి రొమ్ము ఉన్నది గరుడ, ఒళ్ళంతా మట్టిరంగుది గద్ద, ఇందులో కష్టమేముందని నేను అనుకున్నాను.

"రంగు నమ్మొద్దు పాపా. పిల్ల గరుడ గూడా మట్టిరంగే ఉంటాది. తోక చూసి చెప్పు. గద్దకు నడిమికి చీలి ఉంటాది. గరుడకు విసనకర్ర మాదిరి గుండ్రంగా ఉంటాది."

గరుడ నీళ్ళ మీద తక్కువ ఎత్తులో తిరిగి, ఉన్నట్టుండి వంగి కాళ్ళతో చేపను ఎత్తుకునేది. గద్ద ఇళ్ళ మీద తిరిగి కోడిపిల్లలను తన్నుకుపోయేది. అవ్వకు గరుడ కావాలని తెలిసి ఒకసారి నేను గద్దను గరుడ అనబోయి తడబడితే, ఆమె నా గడ్డం పట్టుకుంది. "చూసిందే చెప్పు. నాకేం కావాల్నో అది చెప్పొద్దు. నువ్వు అబద్ధం చెప్తే నాకు రెండుమార్లు గుడ్డితనం."

ఊరి నడుమ వేంకటరమణ స్వామికి గుడి కట్టడం తాత మొదలుపెట్టాడు. గోడలు లేచేసరికి ఆయన పోయాడు. నాయనా ఊరివాళ్ళూ కలిసి శిఖరం పూర్తి చేసిన ఏడు, వైశాఖంలో కుంభాభిషేకం పెట్టారు. కలశానికి నీళ్ళు పోసే వేళ గరుడ వచ్చి శిఖరం మీద తిరగాలని, తిరిగితేనే స్వామి గుడిలోకి వచ్చినట్టని మా వైపు నమ్మకం. తాత గుడికి స్వామి వస్తాడా రాడా అన్న ధ్యాసలో ఆ నెలంతా అవ్వకు అన్నం సయించలేదు.

ఆ పొద్దు బానల్లో పానకం, బుట్టల్లో వడపప్పు, వీధి పొడుగునా మామిడాకులు. కొయ్యలతో కట్టిన సారవ ఎక్కి పూజారి అయ్యోరు కుండతో నిలబడ్డాడు. కింద జనమంతా తలలెత్తి ఉన్నారు. గుడి తాతది కాబట్టి అవ్వ పొయ్యమంటేనే పొయ్యాలి. ఆకాశంలో ఒక్క రెక్క లేదు. ముహూర్తం దాటిపోయే వేళకు పెనుకొండ కొండ వైపు నుంచి ఒక పక్షి వచ్చి శిఖరం మీద చుట్లు తిరిగింది.

"గరుడ వచ్చె! గోవిందా!" జనం కేకలు, మేళం ఒక్కసారి అందుకుంది.

అవ్వ నా భుజం నొక్కింది. "పాపా, గరుడేనా?"

"గరుడేమ్మా, ఇంగేముంటాది!" అన్నాడు పక్కనే ఉన్న చిన్నాయన.

"నిన్ను గాదప్పా, పాపను అడిగినా."

అందరూ నా వైపు చూశారు. అవ్వ ముఖం ఆశతో పైకెత్తి ఉంది. పక్షి గాలికి వాలి ఒకసారి తోక తిప్పింది. నడిమికి చీలి ఉంది.

"గాదవ్వా. తోక చీలుండాది. గద్ద."

"ఏమ్మే, నాలిక మీద శనేశ్వరుడు కూచోనుండాడా? మంచి పొద్దు గద్దంటావే!" అని చిన్నాయన కసిరాడు. పైనుంచి అయ్యోరు అడిగాడు: "అమ్మా, పొయ్యమంటారా, ఇంకా చూద్దామా? ముహూర్తం పోతాండాది."

అవ్వ నా వైపు వంగింది.

"పోయిందా పాపా అది?"

"లేదవ్వా. ఇంకా తిరుగుతానే ఉండాది. శిఖరం మీదే."

"కింద కోడిపిల్లలు ఉండాయా?"

"యాడివి? జనమే ఉండారు."

అవ్వ నవ్వింది. "అట్లయితే స్వామిని చూడనే వచ్చింది. మనమూ దానికే గదా వచ్చినాం. దాన్ని వద్దనను మనమెవురం? పొయ్యి అయ్యోరా!" కుండలోని నీళ్ళు కలశం మీద పడ్డాయి. అవ్వ రెండు చేతులూ చెంపలకు తాకించి, "గద్దగా వచ్చినావు, గద్దకే గోవిందా" అంది. చిన్నాయన మూతి ముడుచుకునే ఉన్నా, పానకం రెండోసారి పంచేటప్పుడు లోటా ముందు నాకే ఇచ్చాడు.

తర్వాత ఎవరైనా మీ గుడికి గరుడ వచ్చిందంట గదా అంటే అవ్వ దిద్దేది. "గరుడ రాలా. గద్ద వచ్చె." అదేదో గొప్పన్నట్టే చెప్పేది.

కొన్నాళ్ళకు ధర్మవరంలో ఆమె కండ్లకు ఆపరేషన్ చేశారు. కట్టు విప్పాక, సోడాబుడ్డి అద్దాలు పెట్టుకుని ఆసుపత్రి మెట్లు దిగుతూ తలెత్తితే పైన గద్ద. రెక్క ఆడించకుండా గాలికి ఎదురు నిలిచి, తోకను మాత్రం ఇటూ అటూ తిప్పుతోంది. అవ్వ వచ్చేపోయేవాళ్ళకు అడ్డంగా నిలబడి చాలాసేపు చూసింది. "తోక చీలుండాదని చెప్తివి గానీ, ఇంత సొగసుగా తిప్పుతాదని చెప్పలేదే!" అని నన్నే కోప్పడింది. ఆ కోప్పడే భాగ్యం ఆమెకూ, వినే భాగ్యం నాకూ ఇచ్చినందుకు ఈ రోజుకీ దీపం ముందు ఒక దండం ఎక్కువ పెడతాను.

అవ్వ ఇప్పుడు లేదు. బోర్లు వచ్చి బావి పూడింది, ఈతచెట్టూ గిజిగాళ్ళ గూళ్ళూ దానితోనే పోయాయి. కంది చేలలో రంగులు వేసిన ప్లాట్ల రాళ్ళు లేచాయి. పసుపు కండ తీతువు వాటి నడుమ ఎక్కడ గుడ్లు పెట్టుకుంటుందో తెలియదు. చెరువు నిండిన ఏడు గరుడ ఒకటో రెండో కనబడతాయి, లేనప్పుడు అవీ లేవు. గద్దలు మాత్రం ఉన్నాయి. మొన్న ధర్మవరం స్టేషన్లో రైలు కోసం కూర్చుంటే ఒకటి ప్లాట్‌ఫారం మీదుగా తక్కువ ఎత్తులో వచ్చి, తోక తిప్పి, పట్టాల అవతలికి వాలిపోయింది. నా చేతులు చెంపలకు పోయాయి. పక్కన పూలబుట్టతో కూర్చున్న ఆమె నన్ను చూసి నవ్వింది.

"అది గద్దక్కా. గరుడనుకుంటివా యేమి?"

"గద్దే. తెలుసమ్మా" అని, అది కనుమరుగయ్యేలోగా ఇంకోసారి మొక్కాను.