ఎవరి చెయ్యో చెప్పగల మనిషి

మా అభ్రకం షెడ్డు మేస్త్రిగారు పోయారని గూడూరు బజారులో, కూరగాయలు కొంటుంటే తెలిసింది. నాతో పనిచేసినామె ఒకరు చెప్పింది. అప్పటికే నాలుగు రోజులైంది. చిల్లకూరులో ఒంటరిగా ఉండేవారు, ఇరుగుపొరుగే సాగనంపారట. ఆ నాలుగు రోజులూ నేను మామూలుగా వండుకుని తిన్నానే అని దిగులేసింది.

నయాపైసలు కొత్తగా వచ్చిన ఏడాది నేను ఆ షెడ్డులో చేరాను. నలభై మంది ఆడవాళ్ళం నేల మీద కూర్చుని, కత్తులతో అభ్రకం రాయిని పొరలుగా విడదీసేవాళ్ళం. పొరలన్నీ ఒకే గంపలో పడేవి. మధ్యాహ్నం ఆయన ఒక్కో పొరనూ వెలుతురుకు పట్టి చూసేవారు. మంచిది దొరికితే, అది తీసినామె దగ్గరకు తిన్నగా వచ్చి, "ఇది నీ చెయ్యే గదమ్మా" అనేవారు. ఒక్కసారీ తప్పలేదు. ఆ ఒక్క మాట కోసం జ్వరంతో కూడా వచ్చి కూర్చున్నానంటే మీరు నవ్వుతారు. అలాగని మెత్తని మనిషేమీ కాదు. ఆలస్యంగా వస్తే గొడుగు నేలకేసి కొట్టేవారు.

మా ఆయన పోయిన నెల నా చేతులు పనికి రాకుండా పోయాయి. మచ్చలేని పెద్ద రాయిని ముక్కలు చేసేశాను. ఇక మానిపిస్తారనుకున్నాను. ఆయన నా పక్కన చతికిలబడి, తానూ కత్తి పట్టారు.

"మనసు రాకుండా చెయ్యి రాదమ్మా. వచ్చేదాకా నేనీడే ఉంటా" అన్నారు.

సాయంత్రానికి ఒక్క పొర నిండుగా తీశాను. మూల చిట్లింది కాబట్టి అమ్మకానికి పనికిరాదు. ఆయన దాన్ని కండువాలో చుట్టుకుని వెళ్ళారు. ఎందుకో నేను అడగలేదు.

ఆయన పని మానుకున్న రోజు, వెళ్తూ నా దగ్గర ఆగారు. "ఇన్నాళ్ళూ నా పని ఎట్టుండిందమ్మా?" అని అడిగారు.

సిగ్గుపడి, "మీకు మేం చెప్పేదేముండాది" అన్నాను.

"అంతేలే" అని గొడుగు తీసుకున్నారు. మా అందరి పనీ మెచ్చిన మనిషికి, ఆయన పని బాగుందని మాలో ఎవరమూ చెప్పలేదు. తర్వాత వచ్చినాయన గంట కొట్టి పని చేయించాడు. చేశాం. ఏ పొర ఎవరిదో మాకే పట్టలేదు.

నిన్న చిల్లకూరు వెళ్ళాను. ఇంటికి తాళం వేసి ఉంది. కిటికీ రెక్కలో అద్దం పగిలిన చోట అరచేతంత అభ్రకం పొర అతికించి ఉంది. మూల చిట్లింది. నా చెయ్యే.

"శానా బాగుండింది మేస్త్రిగారూ" అన్నాను, తాళం వేసిన తలుపుతో. దిగుతున్న పొద్దు అవతలి కిటికీలోంచి వచ్చి ఆ పొర మీద పడి, కాసేపు లేతపచ్చగా వెలిగింది.