అన్న పేరుంది, తమ్ముడి పేరు లేదు

శెనక్కాయ విత్తనాలు పంచే ఆఫీసులో, ఎవరికివ్వాలో చెప్పే జాబితా ప్రోగ్రాము రాసింది నేనే. డేటాబేసు లోపలే ఉండే ప్రొసీజరు అది. పేర్లన్నీ సరిచూసి, రెండుసార్లు ఎక్కినవాళ్లను ఒకసారికి తగ్గించాలి. ఆ ఏడు కర్నూలులో తొలి వాన పడిన మర్నాడే జాబితాలోంచి మనుషులు మాయమయ్యారు.

పత్తికొండ వైపు నుంచి ఒక రైతు వచ్చి నా టేబుల్ ముందు నిలబడ్డాడు. పాసుపుస్తకం తువ్వాల్లో చుట్టి పట్టుకున్నాడు.

"మా యన్న పేరు ఉండాది సార్. నా పేరు ల్యా. ఇత్తేదానికి నేల పదును మూడు దినాలకంటే నిలబడదు, తొందరగా సూడప్పా."

"సాయంత్రానికల్లా చేసిపెడతా," అన్నాను గొప్పగా.

తప్పులు వెతికే డీబగ్గర్ పెట్టి ప్రోగ్రామును ఒక్కో లైను దగ్గర ఆపుకుంటూ పోయాను. పరీక్ష కోసం నేను కల్పించిన పేర్లతో నడిపితే అంతా సవ్యంగా వచ్చేది. అసలు పేర్లతో నడిపితే మనుషులు రాలిపోయేవాళ్లు. కరెంటు పోయేది, సర్వర్ ఆగిపోయేది, మళ్లీ మొదటి లైను. రెండో రోజు సర్వర్‌ను తిట్టాను, పేర్లు ఎక్కించిన ఆపరేటర్లను తిట్టాను, నన్ను తప్ప అందరినీ తిట్టాను. రైతు వరండాలోనే కూర్చున్నాడు. అతని ముందు నుంచి పోవాల్సి వస్తుందని నీళ్లకు కూడా లేవలేదు. భయం వేసింది. ఏడుపు కూడా వచ్చింది.

మూడో రోజు మధ్యాహ్నం బుద్ధి వచ్చి అతన్నే లోపలికి పిలిచాను. పేరడిగాను. అహోబిలం స్వామి పేరు చెప్పాడు, ముందు 'చిన్న' చేర్చి.

"మీ అన్న పేరు?"

"అదే పేరు సార్. ఆయప్ప పెద్ద, నేను చిన్న."

అతని రికార్డు ఒక్కటే నడిపించాను. నాలుగో అడుగులో మాయమైంది. ఆపరేటర్లు ఒకరు రాసి ఒకరు వదిలేస్తున్నారని, పేర్లు పోల్చేముందు 'పెద్ద', 'చిన్న' తీసేయమని అక్కడ నేనే రాసిపెట్టాను. తండ్రి ఒకడే, ఊరొకటే, ఇక పేరూ ఒకటే. అన్న మిగిలాడు, తమ్ముడు పోయాడు. మా సీమలో ఇలాంటి అన్నదమ్ములు లేని ఊరేది? కమలాపురంలో మా పెదనాన్నదీ నాన్నదీ ఒకే పేరు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాను.

లైను తీసేయడానికి అర నిమిషం పట్టలేదు. కొత్త జాబితాకు సంతకాలై, అతని చేతికి విత్తనాల మూట వచ్చేసరికి ఇంకో రెండు రోజులు పట్టింది. రెండు రోజులూ ఎండ మండిపోయింది.

"పదును ఆరిపాయె సార్. మా యన్న ఇత్తేసినాడు. నా సేను అట్లే ఉండాది," అన్నాడు.

మూట భుజాన వేసుకుని పోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ ఆదివారం ఇంటికి పోయి, భోజనాల దగ్గర నాన్నకు అంతా చెప్పాను. నాన్న సంగటి ముద్ద కంచంలో పెట్టేశాడు.

"అట్లయితే నన్ను గూడా తీసేసింటివి గదరా," అన్నాడు.