పసుపు పూసిన అగ్రిమెంటు

వారమంతా నాచారంలో అకౌంట్స్ ఉద్యోగం, ఆదివారాలు కెమెరా. ఇన్నాళ్లూ తెలిసినవాళ్ల ఇళ్లలో పుట్టినరోజులే తీశాను. మొట్టమొదటి పెళ్లి బుకింగ్ ఇప్పుడొచ్చింది. ఇక నోటిమాట బేరాలు వద్దనుకుని, పద్ధతిగా రెండు పేజీల అగ్రిమెంటు రాసి, ఈ సాయంత్రం ఉప్పల్‌లో పెళ్లికూతురి ఇంటికి తీసుకెళ్లాను.

సంతకం పెట్టడానికి తండ్రి పెన్ను తీశాడు. పక్కనున్న నాయనమ్మ, "జర సదివి ఇనిపియ్యి బిడ్డా" అంది. హుషారుగా చదువుతూ, "ఏ కారణం చేతనైనా పెళ్లి ఆగిపోతే అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు" దాకా వచ్చాను. తండ్రి పెన్ను మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"ఆగుడేంది బిడ్డా? పెండ్లింట్ల గసొంటి మాట సదువుతరా? కొట్టెయ్యి" అంది నాయనమ్మ.

"అందరికీ రాసేదేనమ్మా" అన్నాను, నాకిదే మొదటి పెళ్లని మరిచిపోయి.

కొట్టేశాను. ఆమె అంతటితో వదల్లేదు. "గా జాగల గిది రాయి. ఫొటోలు తీసే పిల్ల అన్నం తినకుండ పోవద్దు. మా పెద్దోని పెండ్లిల ఫొటోలు తీసినాయన కడుపు మాడ్చుకొని పోయిండు. నాకింక యాదికుంది."

అదీ రాశాను. కాగితం నాలుగు మూలలా ఆమె పసుపు పూశాకే తండ్రి సంతకం చేశాడు.

ఇప్పుడు నా అడ్వాన్సుకు రక్షణ లేదు గానీ, భోజనానికి రాతపూర్వక హామీ ఉంది. లాయర్లెవరైనా ఉంటే చెప్పండి, ఇది కోర్టులో చెల్లుతుందా? చెల్లకపోయినా సరే, నేను మాత్రం తినే వస్తాను.