జహ్రా దారిలో దొరికిన వానెట్

కువైట్‌లో పనిచేసి వచ్చిన మా వయసువాళ్లం కొందరం ఫోన్లో ఒక గ్రూపుగా ఉన్నాం. మొన్న పొద్దున ఎవరో అందులో ఒక ఫొటో పెట్టి, ఎడారి ఇసుకలో సగం కూరుకుపోయిన ఈ పాతబండి ఏ రకమో చెప్పగలరా అని అడిగారు. గుండ్రటి దీపాలు, ఉబ్బెత్తు బానెట్, తుప్పుపట్టిన తొట్టి. జవాబులు చాలానే వచ్చాయి గానీ, నేను మాత్రం కాఫీ చల్లారిపోయేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను.

మా చిన్నాన్న నన్ను రాయచోటి నుంచి పిలిపించుకుని, షువైఖ్‌లో తాను పనిచేసే గ్యారేజీలోనే పెట్టించిన కొత్తలో అక్కడ అలాంటిదే ఒక వానెట్ ఉండేది. వెనక తొట్టి ఉన్న చిన్నలారీని అక్కడ అలా అంటారు. మాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న గ్యారేజీ యజమాని, మా కఫీల్, ఆయన తండ్రి బతికున్న రోజుల్లో గుడారాలూ నీళ్లపీపాలూ దాంట్లోనే వేసుకుని, పెళ్లాంబిడ్డలతో చలికాలం ఎడారికి పోయేవాడట. ఆ తండ్రి పోయాక ఆ బండి చిన్నకొడుకు చేతికి, అంటే కఫీల్ తమ్ముడి చేతికి వచ్చింది. ఇంట్లో పనివాళ్లతో పాటు మేమూ మామా అని పిలిచే వాళ్ల ముసలితల్లికి చిన్నకొడుకంటే ప్రాణం.

ఇరాక్ సైన్యం కువైట్ మీద వచ్చిపడ్డాక మనవాళ్లు చాలామంది బస్సులెక్కి జోర్డాన్ దారి పట్టారు. చిన్నాన్న అప్పుడు కాలు విరిగి మంచంలో ఉన్నందువల్ల మేం ఆగిపోయాం, మామా మమ్మల్ని తమ ఇంటికే రప్పించుకుంది. కొత్త కార్లన్నీ సైనికులు తోలుకుపోగా, ఎవరూ ఆశపడని ఆ ముసలి వానెట్ ఒక్కటే మిగిలింది. చిన్నకొడుకు దాంట్లో పిండీ బియ్యమూ వేసుకుని బంధువుల ఇళ్లకు చేరవేసేవాడు. సైన్యం పారిపోయే ముందు, దొరికిన మగవాళ్లనల్లా పట్టుకుపోతున్న రోజుల్లో, అతను అలాగే జహ్రా ఊరి వైపు వెళ్లి తిరిగి రాలేదు.

యుద్ధం ముగిశాక కఫీల్, మామా, కుంటుతూనే చిన్నాన్న, నేను, ఒక అరువు జీపులో వెతకడానికి బయలుదేరాం. ఆనాడు చూసింది ఈనాటికీ నా కళ్లలోంచి పోలేదు. నూనెబావులు మండుతున్న పొగకు మిట్టమధ్యాహ్నమే చీకటి పడి, దీపాలు వేసుకుని పోవలసి వచ్చింది. దోచుకున్నవన్నీ వేసుకుని పారిపోతున్న సైన్యం మీద విమానాలు బాంబులు కురిపించిన దారి అది, రెండువైపులా కంటికి ఆనినంత దూరం బండ్లే. కార్లు, ట్యాంకులు, పాలవ్యాన్లు, బడిపిల్లల బస్సులు, ఇంకా ఏనాటివో పాత అమెరికా కార్లు, కొన్ని కాలి, కొన్ని బోర్లాపడి, కొన్ని తలుపులు బార్లా తెరుచుకుని, లోపల ఎవరి ఇంటివో పరుపులూ టీవీలూ అలాగే ఉండి. ఒక ఊరి బతుకంతా తెచ్చి ఆ ఇసుకలో కుమ్మరించినట్టుంది.

వానెట్ లాంటివి రెండు కనిపించాయి గానీ, దగ్గరికెళితే కాదు. తర్వాత తారురోడ్డుకు ఎడంగా, రంగు మసిబారి, నంబరుపలక లేని ఒకటి ఒంటరిగా కనిపించింది. తారు దిగితే మందుపాతరలుంటాయని కువైట్‌ను విడిపించిన సైనికులు ముందే హెచ్చరించారు. కఫీల్ ఇంకా తటపటాయిస్తుండగానే మామా జీపు దిగి నడక మొదలుపెట్టింది. కొడుకు అరుస్తున్నా ఆగలేదు. మసిపడి గట్టిబడిన ఇసుకలో ఆ బండి చక్రాల జాడ చెదరకుండా ఉంది, ఆమె సరిగ్గా దానిమీదే అడుగులేస్తోంది. మేమూ దిగి ఒకరి వెనక ఒకరం ఆమె వెంట నడిచాం.

"ఆ జాడలోనే కాలు పెట్టు అబ్బీ, పక్కకు జరగాకు," అన్నాడు చిన్నాన్న నా వెనకనుంచి.

మామా బండి తలుపు కిటికీ అంచుమీద అరచేత్తో నెమ్మదిగా తడిమింది. ఒకచోట ఇనుము మెత్తగా అరిగి సన్నటి గాడి పడి ఉంది. తన చేతి కడియాన్ని ఆ గాడిలో ఆనించింది, అతికినట్టు కూర్చుంది. పెళ్లయిన నాటినుంచి ఎడారి కుదుపులకు పడిపోకుండా ఆమె పట్టుకున్న చోటట అది. ఎన్నేళ్ల ప్రయాణాలు ఒరుసుకుంటే ఇనుము అలా అరుగుతుంది?

"హాదా," అంది. ఇదే అని.

లోపల నెత్తుటి మరక లేదు. గేరు తీసి ఉంది, హ్యాండ్‌బ్రేకు లాగి ఉంది, తాళంచెవి లేదు. "నిదానంగా నిలిపి, తాళం తీసుకుని దిగినాడు రా. బతికే ఉండాడు," అన్నాడు చిన్నాన్న. ఆ మాట కఫీల్‌కు నాకొచ్చిన అరబ్బీలో చెప్పాను. మామా తలాడించింది, తనకు ముందే తెలుసన్నట్టు.

కొన్నివారాలకు ఇరాక్ తాను పట్టుకుపోయిన ఖైదీలను వదిలినప్పుడు అతను బస్సు దిగాడు, గడ్డం పెరిగి, సగమైపోయి. ఆ పూట మామా మమ్మల్నందరినీ ఒకే చాపమీద కూర్చోబెట్టి, ఒకే పళ్లెంలో అన్నం పెట్టింది.

ఆ చాప ఎంతోకాలం నిలవలేదు. ఊరు కుదుటపడింది, గ్యారేజీకి కొత్త తలుపులొచ్చాయి, మళ్లీ అక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం మాటలు, సెలవు మాటలు, వాళ్లకు వాళ్ల గది, మాకు మా గది. ఎవరి తప్పూ కాదు, బతుకు సర్దుకున్నాక మనుషులూ తమ తమ చోట్లకు సర్దుకుంటారు. ఆ దారిలో బండ్లన్నీ ఎప్పుడో ఎత్తేశారట, ఇప్పుడు విశాలమైన రోడ్డుమీద మనపిల్లలు వేగంగా పోతుంటారు. వాళ్లకు అలాంటి భయం ఎన్నడూ రాకూడదు. కానీ ఆ భయంలో ఒకరికొకరం ఎంత దగ్గరగా నడిచామో, అంత దగ్గరగా మళ్లీ ఎవరితోనూ నడవలేదు నేను.